ఐదేళ్ళకోసారి అనుమానం

(కాకినాడ. 66 ఏళ్ళ సూర్యారావుగారు కారు తాళాల కోసం ఫ్రిజ్ మీద, టీవీ వెనక వెతుకుతున్నారు. అవి కామేశ్వరిగారి కొంగున ఉన్నాయి. ఇంకెక్కడుంటాయి?)

రావు: తాళాలేవే? బ్యాంకు మూసేస్తారు.

కామేశ్వరి: లైసెన్సు ఏదండీ?

రావు: పర్సులో ఉంది.

కామేశ్వరి: కార్డుంది. గడువే లేదు. పోయిన వారమే అయిపోయింది.

రావు: నలభై ఏళ్ళ నుంచి నడుపుతున్నాను, నాకు గడువేంటి? అయినా నెల రోజులు ఆగుతార్లే.

కామేశ్వరి: ఆ నెల 2019 మోటారు వాహనాల చట్టం సవరణలోనే ఎత్తేశారు. ఇప్పుడు పట్టుకుంటే ఐదు వేలు. ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్సు వాళ్ళు మొహం చాటేయొచ్చు. ఏడాది దాటిందంటే మళ్ళీ డ్రైవింగ్ టెస్టే.

రావు: టెస్టా! మన మనవడి ఈడు కుర్రాడు పక్కన కూర్చుని నాకు మార్కులేస్తాడా?

కామేశ్వరి: అందుకే ఇప్పుడే రెన్యువల్‌కి పెట్టండి. 55 దాటాక ఐదేళ్ళకే ఇస్తారు.

రావు: అంటే గవర్నమెంటుకి నా మీద అనుమానమా?

కామేశ్వరి: దానికి ఐదేళ్ళకోసారి. నాకు రోజూ.

రావు: ముసలాళ్ళు నడపకూడదని చట్టంలో ఉందా?

కామేశ్వరి: లేదు, తొంభై ఏళ్ళకీ నడపొచ్చు. ఒంట్లో బాగుందని డాక్టరు ఫారం 1-ఏ మీద సంతకం పెట్టాలి, అంతే. నలభై దాటిన వాళ్ళందరికీ ఉన్నదే. ఇదిగో, ఆ ఫారంలో హారన్ వినపడుతుందా అని అడిగారు.

రావు: బ్రహ్మాండంగా.

కామేశ్వరి: పొద్దున గ్యాస్ బండ లోపల పెట్టమని మూడుసార్లు అరిచాను.

రావు: అది హారన్ కాదుగా.

కామేశ్వరి: మంచి వెలుతురులో 25 మీటర్ల దూరాన కారు నంబరు ప్లేటు చదవగలగాలి.

రావు: (వరండాలోకి వచ్చి, ఛాతీ విరిచి) ఎదురింటి కారు. ఏపీ 05... చివర 4418. చాలా?

కామేశ్వరి: ఆ కారు పొద్దున్నే రాజమండ్రి వెళ్ళింది. అక్కడ ఆగింది పాల వ్యాను.

(కాసేపు పాల వ్యానే మాట్లాడింది, హారన్‌తో.)

రావు: ఎండ కదే, కళ్ళకి కొట్టింది.

కామేశ్వరి: రాత్రి ఎదురు లైట్లకీ ఇదే మాట అన్నారు. కుడికంట్లో శుక్లం ముదిరిందేమో చూపించుకోండి. జలుబు మాత్ర మింగి స్టీరింగ్ ముందు తూగడం మానండి. రివర్సులో మెడ తిప్పండి. తులసికోట అంచుకి మన కారు ఎర్రరంగు ఇంకా అంటుకునే ఉంది.

రావు: అది మేస్త్రీ తప్పు. కోట బయటికి కట్టాడు.

కామేశ్వరి: కట్టి పాతికేళ్ళైంది. అప్పట్నుంచీ అక్కడే ఉంది.

రావు: సరే తల్లీ, కళ్ళ డాక్టరు దగ్గరికే పోదాం. తాళాలివ్వు.

కామేశ్వరి: నా స్కూటీ ఎక్కండి. వెనక కూర్చున్నా హెల్మెట్ తప్పదు.

రావు: నీ లైసెన్సు మాత్రం బతికుందా?

కామేశ్వరి: మార్చిలోనే రెన్యువల్ చేయించుకున్నాను.

రావు: నాకు చెప్పనేలేదే!

కామేశ్వరి: చెప్పానండీ. అదీ హారన్ కాదుగా.