మైకు పట్టినవాడిదే తూకమా?

"హీరోయిన్‌ని ఎత్తుకున్నారు కదా, ఎంత బరువుంది?" సినిమా ప్రచారానికి వచ్చిన హీరోని ఒక యూట్యూబర్ అడిగిన ప్రశ్న ఇది. అడిగి నవ్వాడు, నవ్వించాననుకున్నాడు. అది అవమానమని నటి గౌరీ కిషన్ అన్నందుకు, 2025 నవంబర్ 6న చెన్నైలో జరిగిన ప్రెస్‌మీట్‌లో అదే మనిషి తప్పేముందంటూ గొంతు పెంచాడు. ఆమె తగ్గలేదు. నా బరువు తెలుసుకుని మీరు ఏం చేస్తారని నిలదీశారు. పక్కనే దర్శకుడు, హీరో కూర్చుని ఉన్నారు. ఇద్దరిలో ఒక్కరూ నోరు మెదపలేదు. వీడియో అందరూ చూసిందే, మళ్లీ వర్ణించక్కర్లేదు. ఆ తర్వాత జరిగిందీ తెలిసిందే. ప్రెస్ క్లబ్ ఖండించింది, నటీనటుల సంఘాలు ఆమె పక్షాన నిలిచాయి, హీరో విచారం వ్యక్తం చేశారు, ఆఖరికి ప్రశ్న అడిగినాయన కూడా వీడియోలో సారీ చెప్పాడు. చేసిన తప్పు ఒప్పుకోని సారీ నాకు అక్కర్లేదని ఆమె తిప్పికొట్టారు. మంచి పని చేశారు.

ఇదేదో తమిళనాడు గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు అదే ఏడాది జనవరిని గుర్తు చేయాలి. హైదరాబాద్‌లో ఒక సినిమా టీజర్ వేడుక. ఇరవయ్యేళ్ల కిందట తెలుగులో నటించి, లండన్‌లో స్థిరపడి, మళ్లీ నటించడానికి వచ్చిన అన్షు వేదిక మీద ఉన్నారు. దర్శకుడు మైకు అందుకున్నారు. సన్నబడిపోయావు, ఇది తెలుగుకు సరిపోదు, తిని ఒళ్లు పెంచమని ఆమెకు చెప్పినట్టు నిండు సభలో చెప్పుకున్నారు. కొలతల గురించి ఆయన వాడిన మాటలు ఇక్కడ రాయం. తెలంగాణ మహిళా కమిషన్ ఛైర్‌పర్సన్ నేరెళ్ల శారద సుమోటోగా స్పందించారు. మర్నాటికల్లా క్షమాపణ వీడియో వచ్చేసింది. ఆయన చాలా మంచివారని అన్షు స్వయంగా చెప్పారు. ఇంకేం, చాప్టర్ క్లోజ్.

జనవరిలో ఒకామె సన్నగా ఉందని తప్పు. నవంబర్‌లో ఇంకొకామె సన్నగా లేదని తప్పు. రెండుచోట్లా మైకు మగవాడి చేతిలో ఉంది, రెండుచోట్లా హాలు నవ్వింది లేదా మౌనంగా ఉంది, రెండుచోట్లా వ్యవహారం ఒక సారీ దగ్గరికే వచ్చింది. మా భయమంతా ఈ సారీ గురించే. జనవరిలో సారీతో సరిపోయింది కాబట్టే నవంబర్ వచ్చింది. నవంబర్‌లోనూ సారీతో సరిపెడితే తర్వాతి నెల ఏదో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు.

"తెలుగుకు సరిపోదు" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఏ తెలుగుకు? ప్రబంధ కవులకు నాయిక నడుము అసలు ఉందా లేదా అన్నదే పెద్ద సందేహం, ఆ సందేహం మీదే పద్యాలకు పద్యాలు అల్లారు. 1213 నాటి రామప్ప గుడికి వెళ్లి తలెత్తి చూడండి. చూరు కింద నల్లరాతి మదనికలు, పొడవాటి కాళ్లతో, పిడికెడు నడుముతో, అద్దంలా నునుపు తేలి ఉంటాయి. కాకతీయుల కాలపు శిల్పికి సన్నదనమూ అందమే, నలుపూ అందమే. అదే 1950ల వెండితెరకు వస్తే నిండైన బుగ్గలు, నిండైన భుజాలు. మనిషి బక్కచిక్కితే క్షయ ఏమోనని చాటుగా చెప్పుకునే రోజులవి. 2008 ప్రాంతంలో బాలీవుడ్ నుంచి 'జీరో సైజు' దిగుమతి అయ్యాక కథ మళ్లీ తిరగబడింది. అమ్మమ్మ పెళ్లిచూపుల్లో "పిల్ల పీలగా ఉందండీ" అన్నారు. మనవరాలి పెళ్లిచూపుల్లో "కొంచెం తగ్గితే బావుంటుంది" అంటున్నారు. ఇద్దరూ తిన్నది ఆ ఇంటి పప్పన్నమే.

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చినవాళ్లలో కొందరిని తెలంగాణ ప్రభుత్వం ఇదే రామప్పకు తీసుకెళ్లింది. పోటీలకు వందకు పైగా దేశాల నుంచి వచ్చారు. రంగులు వేరు, భాషలు వేరు, ఒడ్డూ పొడుగూ మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు. ప్రపంచమంతటి అందం అని మనం చప్పట్లు కొట్టాం.

జాతికో అందం ఉంటుందన్నది నిజమే. కాదనడం లేదు. కానీ జాతి పేరు చెప్తే ఏదైనా చెల్లుతుందా? పడమటి ఆఫ్రికాలోని మారిటానియాలో స్త్రీ ఎంత లావుంటే అంత అందం, అంత కలిమి. వినడానికి బాగానే ఉంది, లావుగా ఉన్నవాళ్లను ఎగతాళి చేయని దేశం ఒకటుందని. కానీ ఆ లావు ఎలా వస్తుంది? 'లెబ్లూ' అని ఒక ఆచారం. ఐదారేళ్ల ఆడపిల్లలను కూర్చోబెట్టి గిన్నెలకు గిన్నెలు ఒంటె పాలు, నూకల ముద్దలు బలవంతంగా పట్టిస్తారు. చాలని మొహం తిప్పుకుంటే కాలివేళ్లను రెండు పుల్లల మధ్య పెట్టి నొక్కుతారు. ఆ నొప్పికి నోరు తెరుచుకుంటుంది, గిన్నె మళ్లీ నోటి దగ్గరకు వస్తుంది. పెళ్లి కావాలంటే తప్పదంటారు పెద్దవాళ్లు. ఇక్కడ పిల్ల కంచంలోంచి అన్నం తీసేస్తూ మన పెద్దవాళ్లు చెప్పేదీ ఆ మాటే.

ఫిజీ సంగతి మనకు ఇంకా దగ్గరిది. వందేళ్ల కిందట కూలీ ఒప్పందాల మీద మన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కి వెళ్లిన దీవులవి. అక్కడి మూలవాసుల్లో బలిష్ఠమైన ఒళ్లే అందం. మనిషి చిక్కిపోతే ఇంట్లోవాళ్లు సరిగ్గా చూసుకోవడం లేదేమోనని ఊరు బెంగపడుతుంది. పండక్కి ఊరెళ్లి బస్సు దిగగానే "చిక్కిపోయావేమే, అక్కడ తిండి పెట్టడం లేదా?" అని అరుగు మీంచి పలకరించే మన పెద్దమ్మ లాంటిదే ఆ ఊరు కూడా. 1995లో ఆ దీవుల్లోని నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. అప్పుడే అక్కడి హైస్కూలు అమ్మాయిలను హార్వర్డ్ పరిశోధకురాలు యాన్ బెకర్ ప్రశ్నించారు. బరువు తగ్గడానికి వేలు పెట్టి వాంతి చేసుకుంటున్నామని ఒక్కరూ చెప్పలేదు. మూడేళ్ల తర్వాత, 1998లో మళ్లీ వెళ్లి అదే వయసు అమ్మాయిలను అడిగితే 11.3 శాతం మంది అవునన్నారు. అప్పుడప్పుడైనా 'నేను మరీ లావుగా ఉన్నాను' అనిపిస్తోందని 74 శాతం మంది చెప్పారు. తరతరాల అభిరుచి, మూడేళ్ల సీరియళ్లు. ఏది గెలిచిందో చూశారు కదా.

అందుకే "ఏదో సరదాకి అన్నాడు, వదిలేయండి" అన్న మాట మాకు ఎక్కదు. మైకులో అన్న మాట హాల్లో ఆగదు. ఆ రాత్రికే రీల్ అవుతుంది, పదో తరగతి పిల్ల ఫోన్‌లోకి వస్తుంది. ఎత్తుకుంటే ఎంత బరువని తననీ ఎవరో ఒకరు అడుగుతారని ఆ పిల్లకు అప్పుడే తెలుస్తుంది.

సినిమా వ్యాపారమని, ప్రేక్షకుడు కోరిందే ఇస్తామని నిర్మాతలు అంటారు. ఆరోగ్యం కోసమే చెబుతున్నామని ఇంకొందరు. స్థూలకాయం సమస్యే, ఎవరు కాదన్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తం తక్కువ. లావుగా కనిపించే మనిషికే రక్తహీనత ఉండొచ్చు. అది తేల్చేది రక్తపరీక్ష, స్టేజీ మీద జోకు తేల్చదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే డాక్టర్ల బీఎంఐ లెక్క కూడా రాతి మీద గీత కాదు. 19వ శతాబ్దంలో కెట్లే అనే బెల్జియం గణాంకవేత్త యూరప్ జనాన్ని కొలిచి కట్టిన లెక్క అది. ఆసియా వాళ్లకు 25 దాకా ఆగక్కర్లేదు, 23 దగ్గరే జాగ్రత్తపడాలని తర్వాత నిపుణులే సవరించారు. కొలిచేవాళ్లే కొలబద్ద సవరించుకుంటుంటే, కొలత అంటే ఏమిటో తెలియనివాళ్లు తీర్పులు చెబుతున్నారు.

ఈ తీర్పులకు బలైపోయినవాళ్లు మనకు తెలియనివాళ్లు కాదు. ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయేనాటికి ఆమె వయసు 31. లైపోసక్షన్ చేయించుకుని కొన్ని వారాలే అయింది. 2022 మేలో బెంగళూరులో 21 ఏళ్ల కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరి ప్రాణాలతో బయటికి రాలేదు. అప్పుడూ అందరం అయ్యో అన్నాం. సంతాపమూ సారీ లాంటిదే మనకు, ఒకరోజు కార్యక్రమం.

ఇక మా సంగతి. ఈ సంపాదకీయం రాయడానికి కూర్చుని మా సినిమా పేజీల పాత కట్ట తిరగేశాం. తిరగేయకపోతే బావుండేది. 'బొద్దుగుమ్మ', 'నాజూకు తీగ', 'మిల్కీ బ్యూటీ'. పేర్లే రాయక్కర్లేదు, ఏ విశేషణం ఎవరిదో పాఠకులకు కంఠతా వచ్చు. పెళ్లయ్యాక ఎవరు ఎంత ఒళ్లు చేశారో పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాం. అదే రోజు లోపలి పేజీలో వధువు కావలెను ప్రకటన, తెల్లగా, సన్నగా, పొడగరి అయి ఉండాలి. ఆ కింద ఇరవై రోజుల్లో బరువు తగ్గించే పొడి. స్థూలకాయాన్ని నయం చేస్తామని, ఎత్తు పెంచుతామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదని డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954 నుంచీ చెబుతూనే ఉంది. తెల్లబరిచే క్రీములను కూడా ఆ జాబితాలో చేర్చాలని 2020లో కేంద్రం ముసాయిదా తెచ్చింది. డెబ్బై ఏళ్ల చట్టానికే దిక్కు లేదు, ముసాయిదా మాట ఎవరడుగుతారు? మందు అంటే కేసు అవుతుందని 'సప్లిమెంట్' అని రాస్తారు, మేం డబ్బు తీసుకుని అచ్చేస్తాం. చెన్నై యూట్యూబర్‌ని తిట్టడానికి మాకున్న అర్హత ఎంత అని పాఠకులు అడిగితే జవాబు చెప్పడం కష్టమే. అయినా తిడుతున్నాం. మా తప్పు ఉందని ఆయన తప్పు చెల్లిపోదు.

మళ్లీ అదే మాటకు వస్తున్నాం. చవకైన సారీ అలవాటైతే అవమానానికి రేటు కట్టినట్టే. నోరు జారడానికి ఒక రోజు, వైరల్ కావడానికి ఒక రోజు, సారీ వీడియోకి ఒక రోజు. నాలుగో రోజుకి అదే మనిషి, అదే మైకు, కొత్త సినిమా. మధ్యలో ఛానల్‌కి వ్యూస్ పెరుగుతాయి, సినిమాకి ఉచిత ప్రచారం దక్కుతుంది. నష్టపోయింది ఎవరని లెక్కేస్తే ఆ నటి ఒక్కతే కనిపిస్తుంది. ఫిల్మ్ ఛాంబర్ ఇంతవరకు ఒక్క ప్రెస్‌మీట్‌కైనా నియమం పెట్టిందా? నటి ఒంటి గురించి ప్రశ్న వేసినవాడికి మళ్లీ ఆహ్వానం ఉండదని ఒక్క నిర్మాతైనా ప్రకటించాడా? మాకు తెలిసినంతవరకు లేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకే వ్యూస్ వస్తాయని వాళ్లకూ తెలుసు.

అన్నిటికన్నా మాకు ఒళ్లు మండించింది ఆ వేదిక మీది మౌనం. తెర మీద హీరోయిన్ చున్నీ ఎవడో లాగితే పది మందిని గాల్లోకి విసిరేసే హీరోలు మనవాళ్లు. ప్రెస్‌మీట్‌లో పక్క కుర్చీలో కూర్చున్న మనిషిని అవమానిస్తుంటే వాటర్ బాటిల్ మూత తిప్పుకుంటూ కూర్చుంటారు. మర్నాడు తీరిగ్గా ట్వీట్ పెడతారు. మీకు ఫైట్ మాస్టర్ అక్కర్లేదు బాబూ, లేచి నిలబడి "ఆ ప్రశ్న వెనక్కి తీసుకో" అంటే చాలు. నాలుగు మాటలు. డైలాగ్ రైటర్ కూడా అక్కర్లేదు.

ముందు వరసలో మైకులు పట్టుకుని నవ్విన పాత్రికేయ మిత్రులకు కూడా చెబుతున్నాం, మా వాళ్లతో సహా. మా సినిమా డెస్కుకు ఈ ఉదయమే నోటీసు వెళ్లింది. నటి బరువు అడిగిన వార్త రాదు, ఆ విశేషణాలూ రావు. బరువు తగ్గించే పొడి ప్రకటన సంగతి యాజమాన్యంతో ఇంకా తేలలేదు, తేలగానే అదీ ఇక్కడే రాస్తాం. ఇకమీదట మా విలేకరి ఎవరైనా ప్రెస్‌మీట్‌లో లేచి ఒక ఆడమనిషి బరువెంతని అడిగితే, సారీ వీడియో తీసుకోవాల్సిన శ్రమ ఉండదు. ఆ సాయంత్రమే గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లవచ్చు.