అద్దెకున్నవాళ్లు ఎగ్గొట్టిన కరెంటు బిల్లు ఓనరే కట్టాలా?

అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయాక, ఎన్నో నెలల కరెంటు బిల్లు కట్టలేదని ఓనరుకు తెలుస్తుంది. ఆఫీసుకు వెళ్లి అడిగితే ‘సర్వీసు మీ పేరు మీదే ఉంది కదండీ’ అంటారు. వాడింది వాళ్లయితే కట్టేది నేనా అన్న కోపం సహజమే. కానీ చట్టప్రకారం ఆ జవాబును కొట్టిపారేయలేం. డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు, ఒప్పందం ఉన్నది సర్వీసు ఎవరి పేరున ఉందో వారితోనే. అద్దె అగ్రిమెంటులో ఏం రాసుకున్నా అది ఓనరుకూ అద్దెకున్నవాళ్లకూ మధ్య వ్యవహారం.

2023 మేలో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి చిక్కునే విడదీసింది. వేలంలో ఆస్తి కొన్నవాళ్ల మీద పాత కరెంటు బకాయి పడుతుందా అన్నది అక్కడి ప్రశ్న. నిబంధనల్లో లేకపోతే బకాయి దానంతటదే ఆస్తి మీద భారం కాదని కోర్టు చెప్పింది. అయితే పాత బాకీ తీరిస్తేనే కనెక్షన్ ఇస్తామని నిబంధన పెట్టుకుంటే అది చెల్లుతుందని కూడా చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన సరఫరా నిబంధనల్లో అలాంటి షరతు ఉంది: అమ్మేవారు బకాయి తీర్చకపోతే ఆ ఇంటికి సరఫరా నిరాకరించవచ్చు. అంటే కాగితం మీద అప్పు మనిషిదే అయినా చీకట్లో ఉండేది ఇల్లు.

ఇక్కడివరకు డిస్కం వైపు న్యాయం ఉంది. నాకు మింగుడుపడనిది ఆ తర్వాతి సంగతి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బిల్లు కట్టకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చి సరఫరా ఆపేయవచ్చు. పైగా నెలవారీ బిల్లులున్న చోట సుమారు రెండు నెలల వాడకానికి సరిపడా డిపాజిట్ డిస్కం దగ్గర ముందే ఉంటుంది. సమయానికి ఫ్యూజు పీకితే బాకీ ఆ డిపాజిట్ దాటదు. పది నెలల బకాయి పేరుకుందంటే అద్దెకున్నవాళ్లతోపాటు చూస్తూ ఊరుకున్న సిబ్బంది బాధ్యత కూడా ఉన్నట్టే. రెండేళ్లు దాటిన బకాయి వసూలు చేయకూడదని అదే సెక్షన్ చెబుతున్నా, ప్రతి బిల్లులో బాకీగా చూపిస్తూ పోతే ఆ రక్షణా ఉండదు. నోటీసు ఇచ్చి కూడా కోయకపోతే, డిపాజిట్‌కు మించిన మొత్తాన్ని ఓనరు నెత్తిన వేయకుండా విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన మార్చాలి.

వాడింది ఎవరో తెలియదని డిస్కంలు పూర్తిగా అనలేవు కూడా. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితం కోసం అద్దెకున్నవాళ్లు సైతం తమ రేషన్ కార్డును సర్వీసు నంబరుకు జోడించుకున్నారు. రాయితీ ఇచ్చేటప్పుడు కనిపించిన మనిషి వసూలు దగ్గర మాయమైపోతాడా?

ఇదే లెక్క తిరగబడి అద్దెకున్నవాళ్లనూ ముంచుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014–19 మధ్య వాడకానికి ట్రూఅప్ చార్జీలు (అంచనాకు మించి అయిన ఖర్చును తర్వాత వసూలు చేసేవి) 2022లో బిల్లుల్లోకి వచ్చాయి. ఆ ఐదేళ్లలో ఆ ఇంట్లో ఎవరున్నారో, ఇప్పుడు కడుతున్నది ఎవరో మీటరుకు పట్టదు.

బాకీ పడ్డారని ఓనరే స్వయంగా కరెంటో నల్లానో కట్ చేయడం మాత్రం నేరుగా చిక్కుల్లో పడే పని. తెలంగాణలో ఉన్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమూ, కేంద్రం 2021లో రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా అద్దె చట్టమూ దాన్ని ఒప్పుకోవు. ఖాళీ చేసే రోజు రీడింగ్ ఫొటో తీసుకుని, చివరి బిల్లు వచ్చేదాకా అడ్వాన్సులో కొంత ఆపుకోవడమే నయం.

ఓనరు ఒప్పుకోకపోయినా, అక్కడ నివసిస్తున్నవారికి కనెక్షన్ ఇవ్వవచ్చని 2022లో దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ ఎవరిదో వాళ్ల పేరునే ఉంటుందని ఇది చాలామందికి పరిష్కారంలా కనిపిస్తుంది. అయితే బకాయి తీరేదాకా ఇంటికే సరఫరా ఆపే షరతు ఉన్నంతకాలం, అద్దెకున్నవారి పేరున సర్వీసు ఉన్నా వాళ్లు వెళ్లిపోయాక ఆఫీసు గుమ్మం ఎక్కాల్సింది ఓనరే.