మహారాజశ్రీ బ్రిడ్జ్ పికప్ గారికి, ఒక్క నూలు తగ్గమని విన్నపం

మహారాజశ్రీ కొత్త బ్రిడ్జ్ పికప్ గారి దివ్యసముఖమునకు,

విజయనగరం నుంచి బేస్ గిటారు వాయించుకు బతికేవాడు నమస్కరించి రాయు విన్నపములు. ఉభయ కుశలోపరి. తెలియనివాళ్ల కోసం ఓ మాట: తమరంటే బేస్ తీగల కింద, వాటిని కట్టే బ్రిడ్జ్ వైపు కూచుని, తీగల వణుకుని కరెంటుగా మార్చి ఆంప్‌కి పంపే, తీగచుట్ట చుట్టిన అయస్కాంతం; మెడ వైపు కూచునేది తమరి జోడీ నెక్ పికప్ గారు. తమరు డబ్బాలో స్పాంజి మీద సుఖంగా పడుకున్నారు, నా గిటారు మాత్రం వైర్లన్నీ బయటేసుకుని మంచం మీద వెల్లకిలా ఉంది.

తమరి కోసం ఆదివారం మధ్యాహ్నం మొత్తం ఖాళీ పెట్టుకున్నానండీ. గంటస్తంభం దగ్గర టీవీలు బాగుచేసే అన్న భోజనం కూడా సగంలో ఆపేసి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఇంటికే వచ్చాడు. పాతవి రెండూ ఊడదీశాం. మీ జోడీ నెక్ పికప్ గారు బుద్ధిగా గాడిలోకి దిగిపోయారు, నాలుగు స్క్రూలూ బిగించేశాం, ఇహ తమరి వంతు. స్క్రూ పట్టే ఒక చెవి దిగితే రెండో చెవి పైకి లేస్తుంది. తిప్పి పెట్టాం, వంచి పెట్టాం, అన్న బొటనవేలితో నొక్కాడు, నేను అరచేత్తో నొక్కాను, మా అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి "ఒరే ఇరగ్గొట్టీకండి" అంది. స్కేలు పెట్టి చూస్తే మూడు మిల్లీమీటర్లు పొడుగు!

ఈ మూడు మిల్లీమీటర్ల గురించి నేను ముందే అడగలేదా? అడిగాను. జాజ్ బేస్ అనే ఈ రకం గిటారులో బ్రిడ్జ్ వైపు తీగలు కాస్త ఎడంగా ఉంటాయి గాబట్టి అక్కడి పికప్ నెక్ పికప్ కంటే రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగు చేస్తారు, అది న్యాయమే. కానీ నాలాంటోళ్లు కొనుక్కునే చవక రకం బేసుల్లో చాలావాటికి రెండు గాడులూ ఒకటే పొడుగు. ఇది తెలుసు గాబట్టే రెండు గాడుల్లోనూ స్కేలు పెట్టి, అంకెలు కనపడేలా ఫోన్ టార్చి వేసి మరీ ఫొటోలు తీసి అమ్మేవాడికి వాట్సాప్ చేశాను. "రెండూ సేమ్ సైజు అన్నా, చూసి పంపు" అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, బొటనవేలు బొమ్మొకటి వచ్చింది, కింద "పక్కా ఫిట్ సార్, స్టాండర్డ్ సైజ్". స్టాండర్డ్ అంట! ఎవడి ఇంట్లో స్టాండర్డ్ అది? చూడకుండానే బొటనవేలు చూపించేవాడికి ఫొటో ఎందుకు, వాయిస్ మెసేజ్ ఎందుకు, అసలు మనిషి నోరెందుకు?

ఇప్పుడు ఫోన్ చేస్తే "విప్పిన సరుకు వాపసు ఉండదు సార్, అడ్జస్ట్ చేసుకోండి" అంటున్నాడు. విప్పకుండా పట్టదని ఎలా తెలుస్తుంది బాబూ, డబ్బాని ఎక్స్‌రే తీయించాలా?

సరే, తమరిని ఎందుకు ఎంచుకున్నానో అది కూడా మనవి చేసుకోవాలి, లేకపోతే ఏదో గాలివాటంగా కొన్నాననుకుంటారు. పాత పికప్‌లతో స్టేజి మీద నా బేస్‌కీ పక్కన జనరేటర్‌కీ తేడా తెలిసేది కాదు. కీబోర్డ్ అన్న ఎడంచెయ్యి కాస్త కిందకి జారితే నేను ఉన్నానో ఇంటికెళ్లిపోయానో ఎవడికీ పట్టేది కాదు. నాకు ప్రతి నోటూ విడివిడిగా, ఇప్పటి రికార్డింగుల్లో లాగ శుభ్రంగా వినపడాలి. బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకం, ఈఎంజీ కంపెనీ పికప్‌లు పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు, దాని కోసం 9 వోల్టుల బ్యాటరీకి చోటు చూడాలి, వాల్యూం గుండీల కిందుండే 250 కిలో ఓముల పాట్లు పీకి 25వి వెయ్యాలి, పాట మధ్యలో బ్యాటరీ చచ్చిపోతే జనం దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వద్దనుకున్నా. సబ్బుబిళ్లల్లా ఉండే సోప్‌బార్ పికప్‌లు ఇంకో లోకం, ఈఎంజీలోనే 35, 40, 45 అని మూడు సైజులు, అన్నిటినీ సోప్‌బార్ అనే పిలుస్తారు.

ఇక డబ్బాల మీద రాతలు. ప్రతి డబ్బా మీదా క్లియర్, టైట్, పంచీ, వార్మ్. అన్నీ ఒకేసారి! అది చాలక లోపలి తీగచుట్ట రెసిస్టెన్స్ ఇన్ని కిలో ఓములు అని ఓ అంకె, ఎంత పెద్దదైతే అంత గొప్ప అన్నట్టు. నిజానికి ఒకే రకం తీగతో చుట్లు పెంచుకుంటూ పోతే ఓములు పెరుగుతాయి, సౌండూ పెరుగుతుంది గానీ దాంతో ఇండక్టెన్స్, అంటే పై స్వరాలని అడ్డుకునే చుట్ట గుణం, కూడా పెరిగి పైన ఉండాల్సిన మెరుపు పోయి మధ్యలో ముద్ద మిగుల్తుంది. నాకు క్లారిటీ కావాలి గాబట్టి చుట్లు తక్కువున్న రకం, ఆల్నికో అయస్కాంతాలున్న రకం ఏరుకున్నాను. అదే తమరు. అంటే వంశం, గోత్రం, నక్షత్రం అన్నీ చూసుకునే సంబంధం కలుపుకున్నాం, తీరా చూస్తే పెళ్లికొడుకు గుమ్మంలో పట్టట్లేదు.

హమ్, అంటే కరెంటు గుయ్యిమనే చప్పుడు, దాని సంగతి కూడా ఓ మాట. ఒక్కొక్కరిలో ఒకటే చుట్ట, సింగిల్ కాయిల్ గాబట్టి రెండు వాల్యూములూ సమానంగా ఉండి ఒకరి హమ్ ఇంకొకరు కొట్టేసినంతసేపే మీ జోడీ సైలెంటు, ఒకటి తగ్గించామా కల్యాణమండపంలో ట్యూబ్‌లైట్లన్నీ నా స్పీకర్లోంచి పాడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, బేస్ మీద ఇ తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే పలికే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే పాట ఏ శ్రుతిలో ఉన్నా అడుగున కాస్త శ్రుతి తప్పిన జి ఒకటి మోగుతూనే ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్జ్ గాబట్టి వాళ్లకి అది బి దగ్గర పడుతుంది, ఎవరి ఖర్మ వాళ్లది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ వాయించిన ఊరండీ ఇది, ఇక్కడ శ్రుతి తప్పితే పక్కింటి తాతగారు కూడా పట్టేస్తారు!

ఇంతకీ నేను మర్చిపోలేకపోతున్నది ఆ మూడు మిల్లీమీటర్లే. మా వీధి వడ్రంగి మేస్త్రిని పిలిస్తే ఒక్క చూపు చూసి "ఇదేటి బాబూ, ఒక్క నూలే కదా, ఉలెట్టి చెక్కీస్తే దిగిపోద్ది" అన్నాడు. మేస్త్రి లెక్కలో నూలంటే ఆ మూడు మిల్లీమీటర్లే. ఒక్క నూలే! ఆయన తలుపులకి కీళ్లు దింపే చేత్తో ఉలి దెబ్బ వేస్తే పైన పాలిష్ పెంకులు పెంకులుగా లేచిపోద్ది, రేపు అమ్ముకుందామన్నా సగం ధర రాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి ఒకే ముక్కలో వీణ తీసేవాళ్లున్నారు, వాళ్ల చేతిలో పెడితే ఇది చిటికెల పని. కానీ అంత పనితనం ఉన్నోళ్ల దగ్గరికి ఫ్యాక్టరీలో ఒత్తిన నా చెక్కముక్క పట్టుకెళ్లి, ఎవడో బొటనవేలు బొమ్మ పెట్టాడండీ అని ఏ మొహంతో చెప్పను?

నీకు అర్థమవుతోందా? ఇంక తమరు గిమరు లేదు. నిన్ను కొనడానికి రెండు పెళ్లి ప్రోగ్రాముల డబ్బులు పెట్టాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, ఆ రోజుల్లో మాకు ఊపిరి తీసుకోను ఖాళీ ఉండదు, గిటారు చూస్తే ఇలా ఉంది.

పోనీ నువ్వు చెత్త సరుకువైనా బాగుండేది, అమ్మినోణ్ణి తిట్టుకుని చెత్తబుట్టలో పడేసేవాణ్ణి. అదీ లేదు. చీకటి పడ్డాక అన్న ఊరుకోలేక నీ రెండు వైర్లూ తిన్నగా జాక్‌కి అతికించాడు, నిన్ను తల్లకిందులుగా తీగల మీద పట్టుకున్నాడు, నేను వాయించాను. నాసిరకం ఆంప్, పాత తీగలు, అన్న చెయ్యి వణుకుతోంది, అయినా సరే ఇ తీగ మీద వేలు పడిన చప్పుడూ, వెనకే నోటూ, జి తీగ మీద గోరు గీరిన గీతా అన్నీ వేటికవి వినపడ్డాయి. అన్న నోరు తెరిచి "బాగుంది గదరా" అన్నాడు. బాగుంది. అదే నా ఏడుపు.

మేస్త్రి గురువారం ఉలి తెస్తానన్నాడు. అప్పటిదాకా టైమిస్తున్నాను, ఒక్క నూలు తగ్గు.

ఇట్లు,
వైర్లు బయటేసుకున్న గిటారుతో
మీ విధేయుడు