అభ్యంతరాలు చెప్పమంటారు, వినేవాళ్లు మాత్రం ఉండరు

కొత్త బైపాస్ వస్తుందట. ఎక్కడ? సరిగ్గా రక్షిత ప్రాంతం అంచున. "అంచునే కదా, లోపల కాదుగా" అంటారు. అంటే హారన్ల మోత, రాత్రంతా లైట్లు మ్యాపులో గీసిన గీత దగ్గర ఆగిపోతాయా? గుడ్లు పెట్టడానికి ఏటా అదే చెరువుకి పోయే కప్పలు బోర్డు చదివి వెనక్కి తిరుగుతాయా?

అభ్యంతరాలుంటే రాసివ్వాలట. వందల పేజీల నివేదిక, అసలు సంగతేమో ఎక్కడో చివరి అనుబంధంలో! పనికెళ్లొచ్చే మనిషి అది ఎప్పుడు చదవాలి? తంటాలు పడి చదివి రాస్తే "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం" అని ఒక్క ముక్క. నమోదు చేసుకుని ఏం చేశారు స్వామీ? గట్టిగా అడిగితే అభివృద్ధి నిరోధకులమని ముద్ర.

కొత్త రోడ్డు కొత్త ట్రాఫిక్‌ని పుట్టిస్తుందని బ్రిటన్ ప్రభుత్వ సలహా కమిటీయే 1994లో చెప్పింది. విన్నారా? 1996లో ఇంగ్లండ్‌లోని న్యూబరీ ఊరి బైపాస్ కోసం, చెట్లెక్కి కూర్చున్న జనాన్ని కిందికి దింపి మరీ ఆ చెట్లని నరికారు. 1998లో రోడ్డు తెరిచారు.

"బదులుగా మొక్కలు నాటుతాం" అనేది ఇంకో పాట. ప్లాస్టిక్ గొట్టాల్లో బెత్తెడు మొక్కలు! మొదటి ఎండాకాలం వాటికి నీళ్లెవరు పోస్తారు? వందల ఏళ్ల అడవి నేలని ఏ నర్సరీ నుంచి తెస్తారు?

ఊళ్లో లారీల రద్దీ నిజమే, కాదనను. ముందు బస్సులు పెంచి, లారీలకి వేళలు పెట్టి చూశారా? ఆ లెక్క ఏ పేజీలో ఉందో చెప్పండి, అదీ చదువుతా.