తులం మొహమాటం

బెజవాడ పటమట రైతుబజారులో పావుకిలో బెండకాయలు కొనే మనిషి ప్రతి కాయకీ తోక విరిచి చూస్తాడు. వంకాయని తిప్పి తిప్పి పుచ్చు వెతుకుతాడు. కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. "కొనే మొహమేనా?" అని కూరలావిడ గదమాయించినా చలించడు. అదే మనిషి ఫోన్లో ప్రకటన చూసి, లక్ష రూపాయల పాత నాణెం కొందామని బెంజి సర్కిల్ దగ్గర కాఫీ హోటల్లో కూర్చుంటే మాత్రం, జేబులో ఉన్న కాటా బయటికి తియ్యడు. తీస్తే ఎదుటాయన ఏమనుకుంటాడో!

ఇంతటి సంస్కారం మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్లకి తప్ప ఇంకెవరికీ లేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది గాని, అది ఇక్కడ రాసేది కాదు.

అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే నాణెం కంటే ముందు చుట్టరికం బయటికి తీస్తారు. "ఏ ఊరండీ మీది? తెనాలా! మా తోడల్లుడిదీ తెనాలే." అయిపోయింది. తెనాలి తోడల్లుడు ఉన్నవాణ్ని అనుమానించడం ఎలా? ఆ పైన రెండు కాఫీలు చెప్పి, బిల్లు ఆయనే ఇస్తాడు. ఆ కాఫీ డబ్బుల మీద వచ్చే వడ్డీ ఏ బ్యాంకూ ఇవ్వదు. "నాన్నగారి జ్ఞాపకం, పాప ఫీజు కట్టాలని ఇస్తున్నా, మీరు కాబట్టి చూపిస్తున్నా అన్నగారూ" అన్నాక, భూతద్దం తీసే కర్కోటకుడు ఎవడుంటాడు?

ఇంకో రకం ఆయన గొంతు తగ్గించి, పాతిల్లు పడగొడుతుంటే లంకెబిందె దొరికిందంటాడు. పది రూపాయలకి మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆ మాట ఎత్తితే ఆయన మనసు నొచ్చుకుంటుంది, ఎత్తకండి. లేచి వచ్చెయ్యండి. బియ్యపు గింజల్ని లాక్కుంటుందని చెప్పే రాగి చెంబు, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం వేసి సీతారామలక్ష్మణుల బొమ్మ కొట్టిన నాణెం, ఇవీ అంతే. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. పాత నాణేల కోసం రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమిషన్, పన్ను అడిగేవాళ్లని నమ్మొద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. పాపం, తెనాలి తోడల్లుడు లేని బ్యాంకు, దాని మాట ఎవరు వింటారు?

ఇక సంస్కారం లేనివాళ్ల కోసం నాలుగు మాటలు.

విక్టోరియా కాలం వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అంటే పాత తులం, ఇప్పుడు కొట్లలో చెప్పే పది గ్రాముల తులం కాదు. వెండి పాలు 91.7 శాతం. గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా చాలు. అరిగిన నాణెం 11.4 తూగొచ్చు. అక్షరాలన్నీ చెక్కుచెదరకుండా ఉండి 10.8 తూగితే మాత్రం అది అరుగుదల కాదు. బరువొక్కటే చాలదు, దొంగకీ కాటా ఉంటుంది. అందుకని గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకె సున్నా చెయ్యండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకి, పక్కలకి తగలకుండా పూర్తిగా ముంచండి. బుడగలు అంటుకుంటే దులపండి. 11.66 గ్రాముల అసలు రూపాయికి కాటా 1.13 దరిదాపుల్లో చూపాలి. వెండి పూత పూసిన రాగి-నికెల్ అయితే 1.3 దాటుతుంది. నాణెం బరువుని, నీళ్లలో ముంచినప్పుడు చూపిన అంకెతో భాగిస్తే 10.3 రావాలి, అరిగిన నాణేనికైనా సరే. హాల్‌మార్కింగ్ సెంటర్ మిషన్ చూసేది పైపొరనే. మందంగా పూత వేస్తే మిషనుకీ మొహమాటమే. నీళ్లకి మొహమాటం లేదు.

అయస్కాంతం అసలు వెండికి అంటుకోదు. కాని 1947 రూపాయి అంటుకుంటే దొంగదని విసిరికొట్టకండి, అది నికెల్‌ది. పది రెట్లు చూపే భూతద్దంతో అంచు చుట్టూ చూడండి. పోత పోసిన నకిలీకి అంచు మధ్యలో అతుకు గీత, పైన సూదిమొన గుంటలు, మెత్తబడ్డ అక్షరాలు కనిపిస్తాయి. 1862 రూపాయి అరుదైనదంటే నవ్వుకోండి, ఆ ఒక్క సంవత్సరపు అచ్చునే ఏళ్ల తరబడి కొట్టారు. 1911 రూపాయి కథ వేరు. నాణెం మీది ఐదో జార్జి రాజు బొమ్మలో, ఆయన వస్త్రం మీద ఉన్న ఏనుగు పందిలా ఉందని గొడవై, చాలా వరకు కరిగించేశారు. మరుసటి ఏడాది తొండం సరిచేశారు. కాబట్టి 1911 అని కనిపిస్తే సంవత్సరం కంటే ముందు ఏనుగుని చూడండి. రెండుని గోకి ఒకటి చెయ్యొచ్చు గాని, తొండాన్ని వెనక్కి తియ్యడం కష్టం. 1938ని 1939 చేసేవాళ్లున్నారు, ఆఖరి అంకె చుట్టూ లోహం రంగు తేడా చూడండి. గీటురాయి మీద రుద్దొద్దు. చింతపండు, పీతాంబరి పెట్టి తోమిన నాణెం తళతళలాడుతుంటే, సగం విలువ అప్పుడే సింకులో పోయిందని లెక్క. ఆయనేమో ఆ మెరుపుకే ఎక్కువ అడుగుతాడు.

చోటు మీరే చెప్పండి. కాజ టోల్‌గేట్ దాటాక పొలాల్లో గెస్ట్‌హౌస్ అన్నా, రాత్రి తొమ్మిదింటికి కృష్ణలంక కరకట్ట అన్నా ఎంత మర్యాదగా పిలిచినా వెళ్లొద్దు. పగటి పూట, మీ బ్యాంకు శాఖలో, కెమెరాలున్న హాల్లో కూర్చోండి. లేకపోతే వన్‌టౌన్‌లో తెలిసిన వెండి కొట్టు. గుంటూరైతే బ్రాడీపేటలో బ్యాంకులకి కొదవ లేదు. "పోలీస్ స్టేషన్ ఎదురుగా టీ కొట్టు దగ్గర కలుద్దామండీ" అని ఒకసారి అని చూడండి. ఆ మాటకే కొందరి ఫోన్లు స్విచాఫ్ అవుతాయి, పెట్రోలు ఖర్చు కలిసొస్తుంది. ఇంటికి పిలవొద్దు. బీరువా ఏ గదిలో ఉందో బంధువులకి తెలిస్తేనే ఇబ్బంది.

ఇంకొకర్ని వెంట తీసుకెళ్లండి, మాటకారి వద్దు. ఆయన పని అమ్మేవాడి చేతులు చూడడం ఒక్కటే. పరీక్ష అంతా అసలు నాణేనికి జరుగుతుంది, "ఉండండి, సంచిలో పెట్టిస్తా" అన్న క్షణంలో నాణెం మారుతుంది. మెత్తటి గుడ్డ పరిచి, నాణేన్ని అంచులతోనే పట్టుకుని, డబ్బు పడేదాకా అందరి కళ్లెదుటా దాన్ని అక్కడే ఉంచండి. నగదు మోసుకెళ్లొద్దు. 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం అమ్మేవాడికే చట్టవిరుద్ధం. చూడకముందే అడ్వాన్సు అడిగితే ఇవ్వొద్దు. ఇచ్చేసి మోసపోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, పరువు సంగతి తర్వాత. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. వ్యాపారంగా అమ్మేవాడైతే లైసెన్సు చూపమనండి.

ఆఖరికి కాగితం. తేదీ, నాణెం సంవత్సరం, తూకం, ధర రాసి, రెండు వైపులా ఫొటో తీసి, సంతకం అడగండి. "మన మధ్య కాగితాలెందుకండీ" అంటాడు. అన్నా రాయించండి. ఆధార్ మీది పేరు, ప్రకటనలో పేరు, డబ్బు వెళ్లే ఖాతా పేరు, మూడూ ఒకటేనో కాదో చూసుకోండి. కాకపోతే, అది తెనాలి తోడల్లుడి పేరేమోలే అని సర్దుకుపోకండి.