యేల్ యూనివర్సిటీ, మద్రాసు గవర్నరు, ఉరితీసిన కుర్రాడు: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత

బాబాయ్, నిన్న రాత్రి మీరు మన ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన మెసేజ్ గురించి ఇది. అదే మెసేజ్ పోయిన వారం మా ఆఫీసులో ఇద్దరు తెలుగువాళ్ళు కూడా నాకు పంపారు, కాబట్టి ఒకసారి కూర్చుని వరసగా జవాబు రాద్దామని అనుకున్నా. చదవనివాళ్ళ కోసం ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ: "అమెరికాకి మొదట్లో వలస వెళ్ళిన ప్యూరిటన్ ఎలిహు యేల్, మన మద్రాసుకి గవర్నరుగా వచ్చి గోల్కొండ వజ్రాలు దోచుకున్నాడు, చెప్పకుండా గుర్రం ఎక్కాడని ఒక తెలుగు కుర్రాణ్ణి ఉరితీశాడు, ఆ డబ్బు పట్టుకుని అమెరికా తిరిగెళ్ళి యేల్ యూనివర్సిటీ కట్టాడు, ఈ రోజు అక్కడున్న యేల్ వాళ్ళంతా, తాళాల కంపెనీ వాళ్ళతో సహా, అతని సంతానమే."

మీరు చరిత్ర మీద ప్రేమతోనే పెట్టారని తెలుసు, చిన్నప్పుడు మాకు బందరు కోట కథలు చెప్పింది మీరే కదా. నేను యేల్ యూనివర్సిటీ ఉన్న న్యూ హేవెన్ ఊరి పక్కనే ఉంటాను, పదకొండేళ్ళు అయింది, ఈ యేల్ కుటుంబం కాగితాలు చదవడం మొదలుపెట్టి ఏడేళ్ళు. ఆ మెసేజ్‌లో కొంత నిజం ఉంది, చాలా అబద్ధం ఉంది, అన్నిటికంటే నాకు బాధ ఏంటంటే అసలు చెప్పాల్సింది అందులో లేనేలేదు.

"మొదట్లో వలస వెళ్ళిన ప్యూరిటన్" అన్నారు. కాదు. ఎలిహు పుట్టింది బోస్టన్‌లోనే, 1649 ఏప్రిల్ 5న, కానీ మూడేళ్ళ పిల్లాడప్పుడే 1652లో అమ్మానాన్నలతో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు, ఆ తర్వాత చచ్చేదాకా అమెరికాలో అడుగు పెట్టలేదు. సముద్రం దాటి వలస వచ్చింది అతని నాయనమ్మ, పేరు ఆన్. ప్యూరిటన్ పూర్వీకుల కథ కావాలంటే ఆవిడ కథ చెప్పాలి, ఆ మెసేజ్‌లో ఆవిడ పేరే లేదు.

ఈ ఆన్, ఇంగ్లండ్‌లో చెస్టర్ అనే ఊరి బిషప్పు జార్జ్ లాయిడ్ కూతురు. మొదటి భర్త వేల్స్‌లో రెక్సమ్ దగ్గరి థామస్ యేల్, ఆయన 1619లో పోయాడు. ముగ్గురు పిల్లలతో మిగిలిన ఈవిడ థియోఫిలస్ ఈటన్ అనే లండన్ వ్యాపారిని రెండో పెళ్ళి చేసుకుంది. ఇంగ్లండ్ చర్చిలో ఇంకా కాథలిక్ పద్ధతులు మిగిలిపోయాయి, వాటిని కడిగెయ్యాలి అని పట్టుబట్టిన వాళ్ళే ప్యూరిటన్లు, ఈటన్ వాళ్ళలో ఒకడు. 1637 జూన్‌లో హెక్టర్ అనే ఓడలో జాన్ డావెన్‌పోర్ట్ అనే పాస్టరుతో కలిసి వీళ్ళంతా బోస్టన్‌లో దిగారు, ఆన్ పిల్లలు యేల్ ఇంటిపేరుతోనే వచ్చారు, మరుసటి ఏడాది వసంతంలో క్విన్నిపియాక్ అనే చోటికి వెళ్ళి న్యూ హేవెన్ ఊరు పెట్టారు. అక్కడ ముందునుంచీ ఉన్న క్విన్నిపియాక్ జనం దగ్గర ఆ నేల తీసుకున్నది ఎంతకో తెలుసా, కోట్లు, చెంచాలు, గొడ్డళ్ళు, పారలు, కత్తులు, గిన్నెలు. ఆ ఒప్పందం కాగితం 1638 నవంబరుది. ఈటన్ న్యూ హేవెన్ గవర్నరు అయ్యాడు, 1658 జనవరిలో చనిపోయేదాకా ఆయనే గవర్నరు.

ఇక ఆన్ ఏం చేసిందో చూడండి. డెబోరా మూడీ అనే ఇంకొక వలసదారు ఆవిడకి ఒక పుస్తకం ఇచ్చింది, పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం తప్పు, నమ్మకం తెలిసి తీసుకోవాలి అని వాదించే పుస్తకం. ఆన్ అది చదివి ఒప్పుకుంది, ఒప్పుకుని ఊరుకోలేదు, చర్చిలో పసిపిల్లల బాప్తిస్మం మొదలయ్యేసరికి లేచి బయటికి వెళ్ళిపోయేది. గవర్నరు భార్య, ఊరంతా చూస్తుండగా! డావెన్‌పోర్ట్ ఆ పుస్తకానికి జవాబు చెప్పి చూశాడు, ఆవిడ మారలేదు. అప్పుడు ఇంటి గొడవలు తవ్వారు: అత్తగారిని భోజనాల దగ్గర కొట్టిందని, సవతి కూతుర్ని గిచ్చిందని, పనివాళ్ళ మీద నిందలు వేసిందని. 1644లో మందలించారు, 1645లో చర్చి నుంచి వెలివేశారు. ఆ విచారణ రికార్డు మనకి మిగిలింది, కానీ బాబాయ్, రాసింది వెలివేసిన వాళ్ళు. ఆవిడ సొంత మాట ఎక్కడా నేరుగా లేదు. ఆవిడ నిజంగా కొట్టిందేమో, కొట్టి ఉండొచ్చు కూడా, కానీ ఒక ఆడమనిషి సిద్ధాంతం మీద ప్రశ్న అడిగితే జవాబుగా అత్తా కోడళ్ళ గొడవ బయటికి తీసుకురావడం నాకు మన ఊళ్ళ పంచాయితీల్లోనూ తెలిసిన పద్ధతే. భర్త పోయాక ఆవిడ ఇంగ్లండ్ వెళ్ళిపోయింది, 1659లో అక్కడే పోయింది. ఆ ఇంట్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు కూడా ఉండేవాళ్ళు, ఆ సంగతి కూడా ఇదే విచారణ కాగితాల్లో దొరుకుతుంది.

ఆవిడ కూతురు, అంటే ఎలిహుకి మేనత్త, ఆవిడ పేరూ ఆన్. భర్త ఎడ్వర్డ్ హాప్కిన్స్ కనెక్టికట్ గవర్నరు. ఈవిడకి మతి చలించింది. 1645లో భర్త ఆవిడని బోస్టన్ తీసుకొచ్చాడు, అప్పుడు మసాచుసెట్స్ పెద్ద జాన్ విన్‌త్రోప్ తన డైరీలో ఏం రాసుకున్నాడంటే, ఏళ్ళ తరబడి చదవడం రాయడంలో పడిపోయి, చాలా పుస్తకాలు కూడా రాసి, అందుకే ఆవిడకి బుద్ధి పోయిందని, ఇంటిపని చూసుకుని మగవాళ్ళకి తగిన విషయాల్లో తలదూర్చకుండా ఉంటే బాగుండేదని. ఆ పేజీ చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆవిడ 1698 దాకా బతికింది. ఆవిడ రాసిన పుస్తకాల్లో ఒక్కటీ మిగల్లేదు.

ఇక ఎలిహు నాన్న డేవిడ్ యేల్. ఈయన బోస్టన్‌లో స్థిరపడ్డాడు, ఇప్పుడు పెంబర్టన్ స్క్వేర్ ఉన్న దగ్గర ఇల్లు. మసాచుసెట్స్‌లో అప్పుడు చర్చి సభ్యత్వం ఉన్న మగవాళ్ళకే ఓటు. ఇది అన్యాయం, చర్చిలో లేనివాళ్ళకీ హక్కులు ఇవ్వండి, ఇంగ్లండ్ చట్టం ఇక్కడ నడిపించండి అని 1646లో రాబర్ట్ చైల్డ్ అనే డాక్టరు పిటిషన్ పెడితే, దాని మీద సంతకం పెట్టిన ఏడుగురిలో డేవిడ్ యేల్ ఒకడు. ప్యూరిటన్ ప్రభుత్వం వాళ్ళకి జరిమానాలు వేసింది, చైల్డ్‌ని అదుపులోకి కూడా తీసుకుంది. అంటే ఎలిహు పుట్టిన ఇల్లు ప్యూరిటన్ ప్రభుత్వంతో తలపడిన ఇల్లు. ఆ తర్వాత కొన్నేళ్ళకే వాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఇంగ్లండ్ వెళ్ళిపోయారు.

ఇదంతా పక్కన పెట్టినా ఎలిహు పెద్దయ్యాక ఏ చర్చి మనిషి? ఇంగ్లండ్ చర్చి మనిషి, ఏ చర్చి పద్ధతుల మీద తాతలు గొడవపడి ఓడెక్కారో అదే చర్చి. 1680లో మద్రాసు కోటలో సెయింట్ మేరీస్ చర్చి తెరిస్తే అక్కడ జరిగిన మొదటి పెళ్ళి ఇతనిదే, నవంబరు 4న, జోసెఫ్ హిన్మర్స్ విధవ కేథరిన్‌తో. ముసలితనంలో కాలేజీకి డబ్బు అడిగితే కూడా, ఇంగ్లండ్ చర్చి మనిషినైన నేను చర్చిని కాదన్నవాళ్ళ కాలేజీకి ఇవ్వడం సబబేనా అని మొదట సందేహపడ్డాడని, మధ్యవర్తిగా ఉన్న జెరెమయా డమ్మర్ ఉత్తరంలో ఉంది. ప్యూరిటన్ అడిగే ప్రశ్న కాదు ఇది.

"అమెరికా తిరిగెళ్ళి యూనివర్సిటీ కట్టాడు." తిరిగెళ్ళలేదని చెప్పా. కట్టనూ లేదు. ఆ కాలేజీ 1701 అక్టోబరులో కనెక్టికట్ కాలనీ ఇచ్చిన చట్టంతో మొదలైంది, అప్పుడు పేరు కాలేజియేట్ స్కూల్, పాస్టర్లు కూడి పెట్టుకున్నది. పదిహేడేళ్ళ తర్వాత న్యూ హేవెన్‌లో కొత్త బిల్డింగుకి డబ్బు చాలక కాటన్ మాథర్ అనే బోస్టన్ పాస్టరు 1718లో ఎలిహుకి ఉత్తరం రాశాడు, మీ పేరు పెడతాం, ఈజిప్టు పిరమిడ్ కంటే మేలైన గుర్తుగా నిలుస్తుంది అని. ఎలిహు పంపింది ఏంటంటే తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, జార్జ్ రాజు పటం. ఆ సరుకు బోస్టన్‌లో అమ్మితే 562 పౌండ్లు వచ్చింది. అంతే. ఆ 562 పౌండ్లకి ఈ రోజు దాకా పేరు మోగుతోంది. అతను మద్రాసు నుంచి 1699లో తీసుకెళ్ళిన ఆస్తితో పోలిస్తే అది చిటికెడు ఉప్పు.

"గోల్కొండ వజ్రాలు దోచుకున్నాడు." దీంట్లో నిజం ఉంది, అందుకని జాగ్రత్తగా చెప్పాలి. 1672లో మద్రాసు వచ్చినప్పుడు అతను ఈస్టిండియా కంపెనీలో గుమాస్తా, జీతం ఏడాదికి 10 పౌండ్లు. 1687 నుంచి 1692 దాకా గవర్నరు. ఆ జీతాలతో అంత ఆస్తి రాదు, సొంత వ్యాపారం చేసుకున్నాడు, వజ్రాలు అందులో పెద్ద భాగం, ఆ రోజుల్లో వజ్రాలంటే గోల్కొండ గనులవే, అంటే మన కృష్ణా ఒడ్డు కొల్లూరు లాంటి చోట్ల మట్టి తవ్విన కూలీల చెమట. కోట పట్టుకుని కొల్లగొట్టాడని అనుకుంటే తప్పు, గోల్కొండని 1687లో పట్టుకున్నది ఔరంగజేబు. యేల్ కొని అమ్మాడు, కంపెనీ అధికారాన్ని సొంత బేరాలకి వాడుకున్నాడని సాటి కౌన్సిలు వాళ్ళే ఆరోపించారు, ఆ గొడవల మధ్యే 1692లో పదవి పోయింది. అమెరికా పంపిన బేళ్ళలో కాలికో అనే నూలు గుడ్డ థాన్లు, మస్లిన్ కూడా ఉన్నాయి. మచిలీపట్నం, మాదపోల్లం, విశాఖపట్నం ఫ్యాక్టరీలు అన్నీ అప్పుడు మద్రాసు కోట కిందే నడిచేవి, మన నేతగాళ్ళు నేసిన గుడ్డ ఆ కోట వాళ్ళ వ్యాపారానికి ఆయువుపట్టు.

ఇప్పుడు ఆ మెసేజ్ వదిలేసిన అసలు సంగతి. మద్రాసు కోట కౌన్సిలు మినిట్స్, అంటే సమావేశాల్లో రాసిపెట్టుకున్న రికార్డులు, ఉన్నాయి బాబాయ్, తర్వాతి కాలంలో మద్రాసు ప్రభుత్వమే అచ్చు వేయించింది, ఎవరైనా చదవొచ్చు. యూరప్ వెళ్ళే ప్రతి ఓడ సెయింట్ హెలీనా దీవికి కనీసం పది మంది బానిసల్ని తీసుకెళ్ళాలన్న నియమం యేల్ హయాంలో అమలైంది. దొంగతనం నేరం మోపి దొరికిన నల్లవాళ్ళకి కొరడా దెబ్బలు, వాత, ఆ పైన బానిసగా ఓడెక్కించడం శిక్ష వేసిన కౌన్సిలుకి ఇతనే పెద్ద. 1687 కరువు ఏడాది, తిండి లేక మనుషులు తమని తాము, పిల్లల్ని అమ్ముకున్న ఏడాది, ఆ ఏడాది ఒక్క నెలలో మద్రాసు నుంచి కనీసం 665 మందిని ఎగుమతి చేశారు. వాళ్ళు ఏ భాష మాట్లాడారు? ఈ తీరం మనుషులు, తమిళం, తెలుగు మాట్లాడి ఉంటారు. ఒక్కరి పేరూ రాయలేదు. అక్కడ ఆన్ హాప్కిన్స్ పుస్తకాలు పోయాయి, ఇక్కడ మనుషులే పోయారు. ఎలిహుని నిలదియ్యాలంటే నిలదియ్యాల్సింది ఇక్కడ.

"తెలుగు కుర్రాణ్ణి ఉరితీశాడు." ఈ కథ ఉన్నది అలెగ్జాండర్ హామిల్టన్ అనే ఓడ కెప్టెన్ 1727లో అచ్చు వేయించిన పుస్తకంలో, అప్పటికి యేల్ చనిపోయి ఆరేళ్ళు. అందులో యేల్ ఉరితీయించిన గుర్రాలవాడి పేరు క్రాస్. క్రాస్ అంటే ఇంగ్లీషువాడి పేరు. ఆ క్రాస్‌ని "తెలుగు కుర్రాడు" అని ఎవరు మార్చారో గానీ, పేరు లేకుండా అమ్ముడుపోయిన 665 మంది నిజమైన మనుషులు ఉండగా లేని కుర్రాణ్ణి పుట్టించాల్సిన అవసరం ఏముంది మనకి?

సంతానం సంగతి తొందరగా తేలిపోతుంది. ఎలిహు కొడుకు డేవిడ్ పసితనంలోనే మద్రాసులో పోయాడు. వజ్రాల వ్యాపారి విధవ హిరోనిమా ద పైవా ద్వారా పుట్టిన ఇంకో కొడుకు చార్ల్స్ కూడా తండ్రి కంటే ముందే పోయాడు. మిగిలింది కూతుళ్ళు, వాళ్ళకి పెళ్ళయ్యాక నార్త్, కావెండిష్ ఇంటిపేర్లు. అమెరికా యేల్‌లు ఎవరంటే ఎలిహు బాబాయి థామస్ వంశం, నాయనమ్మ ఆన్ రెండో కొడుకు, న్యూ హేవెన్‌లోనే స్థిరపడి వ్యవసాయం చేసుకుని 1683లో పోయినవాడు. తాళాల లైనస్ యేల్ ఆ కొమ్మే.

ఒకటి మాత్రం చెప్పాలి, ఇది తెలిసిన రోజు నేను ఇంట్లో అందరికీ చెప్పా. న్యూ ఇంగ్లండ్ ప్యూరిటన్ ఇంటి బిడ్డ మద్రాసుని ఏలాడు అనేది నిజమే, కానీ ఆ మనిషి నథానియల్ హిగిన్సన్. 1630లో మసాచుసెట్స్‌లోని సేలంలో (మన తమిళనాడు సేలం కాదు) పోయిన పాస్టరు ఫ్రాన్సిస్ హిగిన్సన్ మనవడు, 1652లో కనెక్టికట్ గిల్ఫర్డ్‌లో పుట్టి హార్వర్డ్‌లో చదివాడు, 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదటి మేయరు, 1692లో యేల్‌ని దించి గవర్నరుగా కూర్చోబెట్టింది ఇతన్నే. అదే 1692 జూన్‌లో సేలంలో అతని అక్కచెల్లెళ్ళలో ఒకరైన ఆన్ డోలివర్‌ని మంత్రగత్తె అని పట్టుకుని విచారించారు. తండ్రి జాన్ హిగిన్సన్ ఆ ఊరి పాస్టరే, డెబ్బై ఏళ్ళు దాటిన ముసలాయన. కూతురు విచారణ గదిలో, కొడుకు సముద్రం అవతల కోటలో. ఒకే కుటుంబం, ఒకే ఏడాది.

బాబాయ్, మీరు ఆ మెసేజ్ మూడు గ్రూపుల్లో పెట్టానన్నారు, మన గ్రూపు, కాలనీ వాళ్ళది, మీ రిటైర్డ్ టీచర్లది. ఇది ఆ మూడింట్లోనూ పెట్టండి. పొడుగు ఎక్కువైందని ఎవరైనా అంటే మద్రాసు కౌన్సిలు మినిట్స్ గురించి రాసిన పేరా ఒక్కటైనా ఉంచండి.