తిరుపతిలో ఉండి ఎర్రచందనం వాడరా అని అడిగేవారికి

నిన్న సాయంత్రం కూడా ఒకాయన అదే అడిగారు. షేవింగ్ బ్రష్షు పిడి చూపించమంటే చింత చేవతో చేసినది చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది గానీ, ఎర్రచందనంతో చేసినది లేదా అన్నా? తిరుపతిలో ఉండి ఎర్రచందనం లేదంటే ఎలా?" అన్నారు. కొండకు వచ్చిన ప్రతి పది మందిలో నలుగురైదుగురు ఈ మాట అనకుండా నా కొట్టు దాటరు. అందుకే అందరికీ ఒకేసారి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

లేదు. ఉండదు. ఎంత ఇస్తానన్నా చేయను.

ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసన, మన శేషాచలం, పాలకొండలు, వెలికొండల చుట్టుపక్కలే. ప్రపంచంలో మరెక్కడా అడవిగా లేదు. రాళ్ల నేలలో, ఎండకు మాడుతూ, ఆ చెట్టు చేవ పట్టడానికి పదుల ఏళ్లు పడుతుంది. 1995లోనే దాన్ని సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో చేర్చి వ్యాపారానికి కళ్లెం వేశారు. సొంత పొలంలో పెంచుకున్న చెట్టునైనా అటవీ శాఖ అనుమతి లేకుండా కొట్టకూడదు, ఊరు దాటించకూడదు. ఇవన్నీ మీకు తెలియనివి కావు. తెలిసి కూడా "చిన్న ముక్కే కదా" అంటారు. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలోనే పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చినవారు. దాని తప్పొప్పుల గురించి ఎవరి వాదన వారికి ఉంది. నాకు మాత్రం ఆ కర్ర పేరు ఎవరు ఎత్తినా ఆ రోజు పేపర్లో చూసిన ఫొటోలే కళ్ల ముందుకు వస్తాయి. పొద్దున్నే గడ్డానికి నురుగు రాసుకునే వస్తువు కోసం ఆ కర్రను అడగడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

పోనీ, చట్టాన్ని పక్కన పెట్టి పనివాడిగానే చెబుతాను. ఎర్రచందనం రంగు చల్లటి నీళ్లకు పెద్దగా దిగదు. సారా (ఆల్కహాల్) తగిలితే మాత్రం ఎర్రగా దిగుతుంది. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషన్లలో ఎక్కువ భాగం సారాయే. ఆ తడి చేత్తోనే బ్రష్షు పట్టుకుంటారు కదా. మా అమ్మ ఎర్రచందనపు చెక్కను సాన మీద అరగదీసి మా మోకాళ్ల వాపులకు పట్టు వేసేది. అరచేయంత ముక్క, మా ముగ్గురి చిన్నతనం గడిచినా సగం కూడా అరగలేదు. ఇంట్లో ఆ చెక్కకు ఉన్న మర్యాద అది.

ఇంకో సంగతి. ఏదో ఒక తెల్ల చెక్కకు ఎర్ర రంగు పూసి "ఎర్రచందనం" అని అంటగట్టేవాళ్లు ఉన్నారు. అలాంటి పిడి ఒకటి బాగు చేయమని నా దగ్గరకు వచ్చింది. ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దగానే లోపలి పాల రంగు బయటపడింది. ఆయన ముఖం చూడలేకపోయాను. మీరు అడగడం మానితే వాళ్లకు అమ్మడానికి ఏమీ ఉండదు.

ఇక నేను చేసే చింతకర్ర గురించి.

మా నాన్న తరిమెన పట్టేవారు. ఇప్పుడందరూ లేత్ మిషను అంటున్నారు, నేనూ అదే అంటున్నాను గానీ, ఆ మాట నోట్లోంచి పోతోందంటే బాధగా ఉంటుంది. మంచం కోళ్లు, అప్పడాల కర్రలు, బొంగరాలు, కవ్వాలు చేసేవారు. అప్పట్లో కరెంటు మోటారు లేదు. తాడు లాగడం నా పని, ఉలి పట్టడం ఆయన పని. ఇనుప మంచాలు వచ్చి కోళ్లు పోయాయి, మిక్సీలు వచ్చి కవ్వాలు పోయాయి, బొంగరాలు ఎలా పోయాయో మీకే తెలుసు. చేతిలో పని మిగిలింది, చేయించుకునేవాళ్లు లేరు. ఇలాంటి సమయంలో బ్రష్షు పిడి చేయమని ఒక కుర్రాడు వచ్చాడు. అప్పటి నుంచి ఇదే నా బతుకు.

చిత్తూరు వైపు రోడ్లు వెడల్పు చేసినప్పుడు పక్కనున్న పెద్ద చింతచెట్లు ఎన్నో నేలకొరిగాయి. వాటిలో చాలావరకు ఇటుక బట్టీలకు పోయాయి. ఒక మొద్దు నేను కొనుక్కున్నాను. చింతకు బయటంతా లేత పసుపు చెక్కే, ముదురు చెట్టుకు మాత్రమే నడుమ చేవ దొరుకుతుంది. ఆ చేవ రంగు ఏమిటంటే, ఏడాది పాత చింతపండు ఎలా నల్లబడుతుందో సరిగ్గా అలా ఉంటుంది. రోకళ్లకూ, గానుగలకూ మన పెద్దలు దాన్ని ఊరికే వాడలేదు.

మొద్దు కోయగానే రెండు చివరలకూ మైనం పూయాలి. లేకపోతే చివర్లు ముందుగా ఆరిపోయి, నెర్రెలిచ్చి, లోపలి వరకు చీలిపోతుంది. ఏడాది నీడన ఆరాక చదరంగా ముక్కలు కోస్తాను. ముక్కను లేత్‌కు బిగించి ఉలి ఆనించగానే మొదట టకటకమని కొడుతుంది, మూలలు ఎగిరిపోతున్న చప్పుడు అది. గుండ్రం తిరిగాక ఆ చప్పుడు ఆగి, సర్రున ఒకే ధార వస్తుంది. నా చెవికి అంతకంటే మంచి శబ్దం లేదు. చింత మొండిది, ఉలి అంచు ఊరికే మొద్దుబారుతుంది, మాటిమాటికీ సాన పట్టాలి. ఆ మొండితనం వల్లే నడుము దగ్గర ఎంత సన్నగా తీసినా అంచు చిట్లదు. బొటనవేలూ చూపుడువేలూ పడే చోటు అదే. తడి చెయ్యి జారకూడదు. ఆ ఒంపు కోసం నేను కొలబద్ద పట్టుకోను, మిషను ఆపి కళ్లు మూసుకుని వేళ్లతో పట్టి చూస్తాను.

అసలు పరీక్ష, బ్రష్షు వెంట్రుకల కుచ్చు కూర్చునే గుంత తీయడం. కుచ్చు అడుగు 24 మిల్లీమీటర్లు అయితే గుంత అంతకంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి, అది కూడా నిట్టనిలువుగా. మిషను వేగం తగ్గించకుండా బరమా దించితే లోపల కర్ర మాడిపోతుంది, మాడిన చోట జిగురు పట్టదు. "కర్ర పిడి నీళ్లకు పగలదా?" అని అడుగుతారే, నా దగ్గరకు బాగుకు వచ్చిన పగిలిన పిడులన్నీ ఈ గుంతలోంచే పగిలాయి. పైన అద్దంలా మెరుగు పెట్టి, లోపల పూత లేకుండా కర్రను అలాగే వదిలేస్తారు. నీళ్లు అక్కడే చేరతాయి. నేను గుంత లోపల రెండు పూతలు జిగురు పట్టించి, అది ఆరాకే కుచ్చు దించుతాను. మీరు చేయాల్సింది ఒక్కటే, వాడాక విదిలించి, గాలి తగిలే చోట పెట్టండి. మగ్గులో నానబెట్టి వదిలేయకండి.

ధర గురించి ఎక్కువ మాట్లాడను. పిడికి 700 తీసుకుంటున్నాను. ప్లాస్టిక్ బ్రష్షు 60కి వస్తుందని నాకూ తెలుసు.

మీ ఊళ్లో, మీ పొలం గట్టున, పాత చింతచెట్టు గాలికి పడినా, కొట్టించాల్సి వచ్చినా, బట్టీకి తోలే ముందు నాకు ఒక్క మాట చెప్పండి. బట్టీవాళ్లు ఇచ్చే ధరకు కొంత కలిపే ఇస్తాను. కోసేటప్పుడు మొద్దును రెండడుగులకు తక్కువ కాకుండా ఉంచమనండి, చివర్లకు మైనం నేనే తెచ్చుకుంటాను. ముదురు మామిడైనా పరవాలేదు, పనసైనా పరవాలేదు. ఎర్రచందనం ఉందని మాత్రం ఫోను చేయకండి.